గుడ్లగూబ తినే ఎలుకలు ఏ పద్దులో రాయాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఒక జవాబులో, అమెరికాలో ఇరవై రెండేళ్ళు గుడ్లగూబల ల్యాబ్‌లో పనిచేశానని మాటవరసకి ఒక్క వాక్యం రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. ముందే చెప్పేస్తున్నా, నేను శాస్త్రవేత్తను కాను. ల్యాబ్ మేనేజర్‌ని. గుడ్లగూబ మెదడు సంకేతాలు వినే సన్నటి తీగలు, అంటే ఎలక్ట్రోడ్లు, తయారు చేయడం, ఫ్రీజర్‌లో ఎలుకల్ని తీసి కరిగించి గుడ్లగూబలకి పెట్టడం, మా ప్రొఫెసర్ గారు రాసే ప్రతి దరఖాస్తుకీ బడ్జెట్ కట్టడం నా పనులు. రిటైరై కాకినాడ వచ్చేశాను. సైన్సు సంగతి నాకు దగ్గర్నుంచి చూసినంతే తెలుసు. డబ్బు సంగతి మాత్రం బాగా తెలుసు.

*

"మా మనవరాలు అమెరికాలో పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళ ప్రొఫెసర్ గారి పని 2014లో 'ఈగర్' అనే ప్రభుత్వ గ్రాంటుతో మొదలైందట. మెదడు సమాచారాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో చూడటానికి 3 లక్షల డాలర్లు. ఫలితం వస్తుందన్న హామీ ఏమీ ఉండదని తనే చెప్పింది. ప్రజల సొమ్ముతో పందేలు కాయడం సబబేనా అమ్మా?"
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, నరసరావుపేట

మాస్టారూ, నమస్కారం. లెక్కతోనే మొదలుపెడదాం. 2013 ఏప్రిల్ 2న అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా మెదడు పరిశోధన కోసం 'బ్రెయిన్ ఇనిషియేటివ్' ప్రకటించాడు. మొదటి ఏడాదికి 10 కోట్ల డాలర్లు అన్నారు. 2014 ఆగస్టులో, అక్కడ పరిశోధనలకి ప్రభుత్వ డబ్బు పంచే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అందులో తన వంతుగా 36 చిన్న గ్రాంట్లు ఇచ్చింది. మీ మనవరాలి ప్రొఫెసర్‌ది వాటిలో ఒకటై ఉంటుంది. ఒక్కోటి 3 లక్షలు, మొత్తం కోటీ 8 లక్షల డాలర్లు. అప్పటి రేటు అరవై చొప్పున వేసినా 65 కోట్ల రూపాయలు. ఒక మనిషికి చూస్తే కళ్ళు తిరిగే మొత్తమే. ఆ సంస్థ ఆ ఏడాది బడ్జెట్ ఏడు వందల కోట్ల డాలర్ల పైమాట. వంద రూపాయల్లో పదిహేను పైసలు.

ఈగర్ అన్న పథకం 2009లో మొదలైంది. అంతకు ముందు 1990 నుంచి అలాంటిదే ఇంకో పేరుతో ఉండేది. మామూలు దరఖాస్తుకి పదిహేను పేజీల వివరణ రాయాలి. బయటి నిపుణులు చదువుతారు, కమిటీ కూర్చుంటుంది, నెలలు గడుస్తాయి. పైగా కమిటీకి నచ్చాలంటే సగం పని ముందే చేసి చూపించాలి. "ప్రిలిమినరీ డేటా ఎక్కడ?" అన్నది ల్యాబుల్లో అందరికీ పీడకల. డేటా ఉంటే డబ్బొస్తుంది, డబ్బుంటే డేటా వస్తుంది. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న సామెత అచ్చంగా దీనికే పుట్టిందనుకునేదాన్ని. ఈగర్‌కి ఐదు నుంచి ఎనిమిది పేజీలు చాలు. బయటి కమిటీ తప్పనిసరి కాదు. ఆ విభాగం చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో ముందు మాట్లాడి, ఆయనకి నమ్మకం కుదిరితే రాయాలి. పరిమితి 3 లక్షలు, రెండేళ్ళు. ఆలోచన ఇంకా ఎవరూ పరీక్షించనిదై ఉండాలి, అదీ షరతు.

పందెమే అనుకుందాం. మీ పల్నాటిలో ఎన్ని బోర్లు ఎండిపోయాయో నేను మీకు చెప్పాలా? కొబ్బరికాయ నిలబెట్టి చూసి, అప్పు చేసి, నాలుగు వందల అడుగులు దించితే దుమ్ము లేస్తుంది. ఆ అప్పు రైతు నెత్తినే. ఆ బోరు సర్కారు వేసి, నీళ్ళు పడకపోతే "ఇక్కడ పడలేదు" అని పటంలో గుర్తు పెట్టి ఉంటే ఆ ఊళ్ళో ఇంకో పది మంది బతికేవారు. కంపెనీలు ఈ పని చేయవు. నీళ్ళున్నాయని తేలాక పైపులు అమ్మడానికి వస్తారు.

అడగడం తప్పని మాత్రం అనను. 1975లో విలియం ప్రాక్స్‌మైర్ అనే అమెరికన్ సెనెటర్ ప్రజాధనం వృథా చేశారంటూ వెక్కిరింపు అవార్డులు మొదలుపెట్టాడు. మొదటిది ఇదే ఫౌండేషన్‌కి. మనుషులు ప్రేమలో ఎందుకు పడతారో తెలుసుకోవడానికి 84 వేల డాలర్లు ఇచ్చారని! నా అభ్యంతరం వేరు. ఒక ఆఫీసర్ నమ్మకం మీద నడిచే పథకంలో, ఆ ఆఫీసర్‌కి ఫోన్ చేయగలిగిన వాళ్ళే ముందుంటారు. పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్ గారు కాన్ఫరెన్స్‌లో కాఫీ తాగుతూ ఆ మాట కదుపుతారు. మారుమూల కాలేజీలో ఉన్నవాడికి ఆ కాఫీ ఎక్కడిది?

మా ల్యాబ్‌కీ ఇలాంటి చిన్న గ్రాంటు ఒకసారి వచ్చింది. 3 లక్షల్లో మూడో వంతు ఓవర్‌హెడ్ కింద యూనివర్సిటీ ఉంచుకుంటుంది. కరెంటు, బిల్డింగు, ఆఫీసు వాళ్ళ జీతాలు. మిగిలిన దాంట్లో, పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే ఒక పోస్ట్‌డాక్ జీతం, ఇన్సూరెన్సు పోగా చేతికి మిగిలేది పరికరాలకి బొటాబొటి. అందులో గుడ్లగూబ తినే ఎలుకలు ఏ పద్దు? 'సామగ్రి' అని రాశాను. అకౌంట్స్ నుంచి ఉత్తరం: "ఎలుకల మీద ప్రయోగానికి మీకు అనుమతి లేదు, ఎలుకలు ఎందుకు కొన్నారు?" అవి ప్రయోగానికి కాదు, భోజనానికి అని వివరించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గుడ్లగూబలకి నా సొంత కార్డు మీద మేత కొన్నాను. ఆ 140 డాలర్లు తిరిగి రావడానికి ఇంకో రెండు నెలలు.

ఆ గ్రాంటు తెచ్చిన ఆలోచన ఏమిటంటే, అప్పటిదాకా మేం పక్షిని కదలకుండా ఉంచి దాని మెదడు వింటున్నాం. ఎగిరేటప్పుడు వింటే? నెత్తి మీద చిన్న వైర్‌లెస్ పెట్టె. పక్షి బరువు అరకిలో, పెట్టె పదిహేను గ్రాములు. ఆ పక్షికి నేను సత్యభామ అని పేరు పెట్టాను, నగ నచ్చకపోతే విసిరి కొడుతుందని. పేరు పెట్టిన వేళావిశేషం, మూడో రోజు పెట్టె తీసి నేలకేసి కొట్టింది. మళ్ళీ పెట్టాం. ఈసారి తీగ కొరికింది. ఎగిరిన ఆ కాసేపట్లో వచ్చిన సిగ్నల్ అంతా రెక్కల కండరాల రొద. రెండేళ్ళ తర్వాత తుది నివేదిక నేనే టైపు చేశాను. "ఎగిరేటప్పుడు నాడీకణాల సంకేతాన్ని కండరాల సంకేతం నుంచి వేరు చేయలేకపోయాం." అంతే. దాని మీద మాకు వచ్చింది ఒకే ఒక ఫోన్, ఇంకో రాష్ట్రంలో ఒక విద్యార్థి నుంచి. తీగ సరిగ్గా ఎక్కడ తెగిందని అడిగాడు. చెప్పాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

*

"మెదడు సమాచారాన్ని ప్రాసెస్ చేస్తుంది అని మా పుస్తకంలో ఉంది. అంటే కంప్యూటర్ లెక్కనేనా మేడమ్? గుడ్లగూబలో ఏం చూసిన్రు మీరు?"
– బీఎస్సీ విద్యార్థి, కరీంనగర్

బాబూ, నీ ప్రశ్న చదివి నాకు మా చీకటి గది గుర్తొచ్చింది. నాలుగు గోడలకీ ధ్వని పీల్చుకునే ఫోమ్ దిమ్మలు, మేకుల్లా పొడుచుకొచ్చి. మధ్యలో కొయ్య మీద పక్షి. దాని చుట్టూ కమాను మీద కదిలే చిన్న స్పీకరు. పక్షి మెదడులో వెంట్రుక కన్నా సన్నటి ఎలక్ట్రోడ్ ఒకే ఒక నాడీకణం పక్కన ఉంటుంది. ఆ కణం స్పందించిన ప్రతిసారీ బయట గదిలో మాకు 'టప్' అని వినిపిస్తుంది. స్పీకరు ఎక్కడెక్కడో శబ్దం చేస్తుంటే ఏమీ ఉండదు. ఒక చోటికి వచ్చేసరికి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు టపటపటప. నాలుగు వేళ్ళు పక్కకి జరిపితే మళ్ళీ నిశ్శబ్దం. ఆ కణానికి లోకంలో ఆ ఒక్క దిక్కే పట్టింపు. పక్క కణానికి ఆ పక్క దిక్కు. ఇలా వరసగా గుడ్లగూబ మెదడులో చుట్టుపక్కల చోటుకి ఒక పటం ఉంటుంది. దాన్ని 1978లో కాలిఫోర్నియాలో ఎరిక్ నడ్సన్, మసకాజు కొనిషి చూపించారు. మేం దశాబ్దాల తర్వాత విన్నా ఒళ్ళు జలదరించేది.

ఇందులో విశేషం ఎక్కడుందో చూడు. కంటిలో అయితే కుడి పక్క వస్తువు బొమ్మ రెటీనా మీద ఒక చోట, ఎడమ పక్కది ఇంకో చోట పడుతుంది. పటం అక్కడే తయారు. చెవిలో అలాంటిదేమీ లేదు. చెవికి దొరికేది కంపనం మాత్రమే. ఎలుక ఎడమ పక్క కదిలితే శబ్దం ఎడమ చెవికి ముందు, కుడి చెవికి ఒక్క పిసరు ఆలస్యంగా చేరుతుంది. ఆ పిసరు ఎంతో తెలుసా? సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో కొన్ని పదుల ముక్కలు. ఒక నాడీకణం ఒక్కసారి 'టప్' అనడానికే వెయ్యి ముక్కలు పడుతుంది. అంత మొద్దు గడియారంతో అంత సన్నటి తేడాని ఎలా కొలుస్తుంది?

మీ టవర్ సర్కిల్ నుంచి పొడుగ్గా ఒక వీధి ఉందనుకో. వరసగా ఇళ్ళు. ఇటు చివర నుంచి ఒకడు, అటు చివర నుంచి ఒకడు ఒకే వేగంతో నడుస్తారు. ఇద్దరూ ఒకేసారి ఏ గుమ్మం ముందు ఎదురుపడితే ఆ ఇంటి గంట మోగుతుంది. ఇద్దరూ ఒకేసారి బయల్దేరితే మధ్య ఇల్లు. ఇటువాడు ముందు బయల్దేరితే ఎక్కువ దూరం నడుస్తాడు కాబట్టి అటు చివరి ఇల్లు. ఏ గంట మోగిందో చూస్తే చాలు, ఎవడు ఎంత ఆలస్యంగా బయల్దేరాడో తెలిసిపోతుంది. చేతికి వాచీ అక్కర్లేదు. 1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే ఆయన మెదడులో ఇలా జరగవచ్చని కాగితం మీద ఊహించాడు. సరిగ్గా 40 ఏళ్ళకి, 1988లో, కేథరిన్ కార్, కొనిషి గుడ్లగూబ మెదడులో ఆ వీధిని చూపించారు. రెండు చెవుల నుంచి వచ్చే తీగలు ఎదురెదురుగా, మధ్యలో గంట కొట్టే కణాలతో.

ఇక కంప్యూటర్ లెక్కనేనా అన్న దానికి. కంప్యూటర్లో దాచిపెట్టే చోటు వేరు, లెక్క చేసే చోటు వేరు. ఇక్కడ తీగ పొడవే లెక్క. విడిగా సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. మన చెవుల్లో కూడా ఇదే పద్ధతి అని పరీక్షలో రాసెయ్యకు. పాలిచ్చే జంతువుల్లో ఇది వేరేగా జరుగుతుందని చూపించిన పరిశోధనలున్నాయి, దాని మీద వాదన నడిచింది.

ఇంకో మాట. మీ పుస్తకంలో మెదడులో పదివేల కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు) అని ఉంటే పెన్సిల్‌తో దిద్దుకో. అందరూ అదే రాసేవారు, అది సరిగ్గా లెక్కపెట్టి తేల్చిన అంకె కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ మెదడు కణజాలాన్ని కరిగించి రసంలా చేసి, అందులో కణ కేంద్రకాలు లెక్కపెట్టి, 2009లో 8,600 కోట్లు అని తేల్చింది. అన్నేళ్ళు అంతమంది ప్రొఫెసర్లు ఒకరి పుస్తకంలో చూసి ఇంకొకరు రాసుకున్నారంటే, పరీక్షల్లో చూసి రాసే పిల్లల్ని ఏమనాలి!

*

"మా నాన్నగారికి ఆరేళ్ళుగా పార్కిన్సన్స్. చెంచా పట్టుకోలేరు. మీరేమో గుడ్లగూబలు అంటున్నారు. ఆ కోట్లేవో తిన్నగా రోగాల మీదే పెట్టొచ్చు కదండీ?"
– గృహిణి, రాజమండ్రి

అమ్మా, మీ కోపం నాకు అర్థమైంది. మీ నాన్నగారి జబ్బు కథే చెబుతాను.

1960ల చివర్లో మాలన్ డెలాంగ్ అనే కుర్ర డాక్టరు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌.ఐ.హెచ్‌.లో చేరాడు. కోతులు చేయి కదిపేటప్పుడు మెదడులో ఏ కణం ఎప్పుడు పలుకుతుందో వినే ల్యాబ్ అది. పైపొర అప్పటికే ఒకరు తీసుకున్నారు. చిన్న మెదడు ఇంకొకరు. మిగిలింది లోపల ఎక్కడో ఉన్న బేసల్ గాంగ్లియా. ఎవరికీ పట్టని చోటు ఆయన వాటాకి వచ్చింది. ఏళ్ళ తరబడి ఏ కణం ఏం చేస్తుందో రాసుకుంటూ పోయాడు, రోగం నయం చేస్తానని కాదు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు వాడిన కొందరు యువకులు రాత్రికి రాత్రి బిగుసుకుపోయారు, అచ్చం ముదిరిన పార్కిన్సన్స్ లాగా. ఆ కల్తీలో ఎంపీటీపీ అనే పదార్థం ఉందని తేలింది. దాంతో కోతుల్లో ఆ జబ్బు పరిస్థితి తెప్పించి చూడటం సాధ్యమైంది. డెలాంగ్ బృందం చూస్తే, లోపల సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న ముద్ద అతిగా అరుస్తోంది. దాన్ని నిలిపేస్తే కోతి మళ్ళీ కదిలింది. ఇది 1990. అవతల ఫ్రాన్స్‌లో, గ్రెనోబుల్‌లో, అలిమ్ లూయీ బెనాబిడ్ అనే సర్జన్ 1987 నుంచే వణుకుకి మెదడు లోపల సన్నటి తీగతో కరెంటు ఇచ్చి చూస్తున్నాడు. ఆయన ఆ తీగని తర్వాత ఈ ముద్దలో పెట్టాడు. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటున్నది అదే. 2014లో ఇద్దరికీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

"రోగాల మీదే పెట్టండి" అని 1970లో ఎవరైనా పట్టుబట్టి ఉంటే డెలాంగ్ దరఖాస్తు మొదటి రోజే చెత్తబుట్టలో పడేది. ఆయన రాసుకున్న నోట్సు లేకపోతే ఏ ముద్ద అరుస్తోందో చూడాలని కూడా ఎవరికీ తోచదు.

ఈ ఆపరేషన్ హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. అందరికీ పనికిరాదు, జబ్బుని పూర్తిగా ఆపదు కూడా. మందుకి ఒళ్ళు ఎలా స్పందిస్తోందో, వయసు, జ్ఞాపకశక్తి అన్నీ చూసి న్యూరాలజిస్టు చెప్పాలి. వెళ్ళేముందు ఒక వారం పాటు నాన్నగారు ఏ మందు ఎన్నింటికి వేసుకున్నారు, వణుకు ఎప్పుడు తగ్గింది, మళ్ళీ ఎప్పుడు పెరిగింది అని ఒక నోటుబుక్కులో రాసి తీసుకెళ్ళండి. డాక్టరుకి దానికన్నా పనికొచ్చే కాగితం లేదు. చెంచా విషయం – పిడి లావుగా ఉన్నది పెట్టి చూడండి. మా పెద్దనాన్నకి సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడిగి ఇచ్చాం.

*

"మా వాడు అమెరికాలో మెదడు పరిశోధనలో పోస్ట్‌డాక్. ఫండ్స్ కట్ అయ్యాయని పేపర్లో చూసిన కాడి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ప్రభుత్వం కక్షగట్టిందా?"
– ఒక తండ్రి, ఖమ్మం

అన్నయ్యగారూ, ఎన్‌.ఐ.హెచ్‌.లో బ్రెయిన్ ఇనిషియేటివ్ డబ్బు 2023లో 68 కోట్ల డాలర్లు, 2024లో 40.2 కోట్లు, 2025లో 32.1 కోట్లు. రెండేళ్ళలో సగానికి దిగింది, నిజమే. కానీ దీని వెనక ఒక పాత కాగితం ఉంది. 2016 డిసెంబరులో చేసిన ఒక చట్టం ఈ పనికి పదేళ్ళకి విడిగా ఒక మూట కట్టింది, 151 కోట్లు. ఏ ఏడాది ఎంత విప్పాలో అప్పుడే రాసేశారు. 2023కి 45 కోట్లు, 2024కి 17.2, 2025కి 9.1. తీసివేసి చూడండి, పడిపోయిన మొత్తం పైసాతో సహా ఆ మూటలోదే. అంటే ఈ దెబ్బ 2016లోనే రాసి ఉంది. లోటు పూడ్చమని అడగాల్సినవాళ్ళు అడిగారు, పూడ్చాల్సినవాళ్ళు పూడ్చలేదు. దీని మీద ఇంకా వేరే కోతల గొడవలూ వచ్చి పడ్డాయి.

మీవాడి సంగతి తేలాలంటే వార్తలు కాదు, వాళ్ళ ల్యాబ్ గ్రాంటు ఏ తేదీతో ముగుస్తుందో అడగండి. ఒక్కసారే అడగండి. 'నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్' అని ఒకటుంటుంది, కొత్త డబ్బు ఇవ్వకుండా మిగిలిన డబ్బుతోనే గడువు పొడిగించడం. మేం దాని మీద ఒక చలికాలం అంతా గడిపాం. రోజూ ఫోన్ చేసి "ఏమైందిరా" అంటే వాడు చెప్పడం మానేస్తాడు. మా అమ్మ చేసేది, నేను మానేశాను.

*

"మన దేశంలో ఇలాంటి గ్రాంట్లు లేవా?" – లెక్చరర్, అనంతపురం

ఉన్నాయండీ. కేంద్ర సైన్స్ శాఖ 2008లోనే కాగ్నిటివ్ సైన్స్‌కి విడిగా పథకం పెట్టింది. ఆ శాఖ కింద పరిశోధన గ్రాంట్లు ఇచ్చిన సంస్థ సెర్బ్‌లో 'హై రిస్క్ – హై రివార్డ్' పేరుతో ఒకటి ఉండేది. 2023 చట్టంతో సెర్బ్ స్థానంలో కొత్త సంస్థ ఏ.ఎన్‌.ఆర్‌.ఎఫ్. వచ్చింది. ఐదేళ్ళకి 50 వేల కోట్లు అన్నారు, అందులో పెద్ద భాగం ప్రైవేటు నుంచి రావాలని లెక్క. ప్రైవేటు వాళ్ళు గుడ్లగూబ ఎలుకలకి ఇస్తారని నేను నమ్మను. దగ్గర్లో చూడాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ళు 2019లో వంద మంది మన దేశస్థుల స్కాన్లతో భారతీయ మెదడు అట్లాస్ తయారు చేశారు. అంతవరకూ మనవాళ్ళ స్కాన్లని పాశ్చాత్యుల మెదళ్ళతో కట్టిన నమూనా పక్కన పెట్టి చూసేవారు. మీ కాలేజీ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి.

*

"మా డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన తెల్ల గుడ్లగూబ చేరింది. ఇంటికి అరిష్టమని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. తోలేయమంటారా?"
– పాలకొల్లు

శాంతి చేయించుకుంటే మనసు కుదుటపడుతుందంటే చేయించుకోండి, నేనేమీ అనను. రాళ్ళు మాత్రం వేయకండి. వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టినా చంపినా నేరం. చుట్టూ వరిచేలున్న ఊరు మీది. అది మీ ఇంట్లో జీతం లేకుండా పనిచేస్తోంది. పగలు అది నిద్రపోయేటప్పుడు ట్యాంకు కింద చూడండి, బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. పెంట కాదు, తిన్నాక అరగని బొచ్చూ ఎముకలూ ఉండగా చేసి నోట్లోంచి ఊసేస్తుంది. చేతికి కవరు తొడుక్కుని ఒక నాలుగు ఏరి, నీళ్ళలో నానబెట్టి, పిల్లలకి చీపురుపుల్ల ఇచ్చి విప్పమనండి. ఒక్కో దాంట్లో ఎన్ని ఎలుక పుర్రెలు వచ్చాయో లెక్కపెట్టి నాకు రాయండి. సత్యభామవి నేను రాసి పెట్టుకున్నాను, పోల్చి చూద్దాం.